ఇప్పచెట్టు ముందు డిగ్రీ విద్యార్థి: జీవశాస్త్ర అభ్యసనం, మూల్యాంకనం - విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కళాశాలల్లో వృక్షశాస్త్ర, జంతుశాస్త్ర పరీక్షలు విద్యార్థి ఏమి గుర్తుంచుకున్నాడో కొలుస్తున్నాయి గాని, ఏమి గ్రహించాడో కొలవడం లేదన్నది ఈ వ్యాసం ప్రతిపాదన. శ్రీకాకుళం జిల్లాలోని శ్రీముఖలింగ పరిసరాలను ఆధారంగా తీసుకొని ప్రశ్నల స్వరూపాన్ని, జవాబు రాసే భాషను, ప్రయోగపాఠాల తీరును ఇది పరిశీలిస్తుంది. స్థానిక జీవజాతులు, ఇంటి అనుభవాల ఆధారంగా నిర్ధారణ ప్రశ్నలను రూపొందించే అవకాశాన్ని, వాటిని దిద్దడంలో ఎదురయ్యే చిక్కులను చర్చిస్తుంది.

కీలకపదాలు: జీవశాస్త్ర బోధన, మూల్యాంకనం, శ్రీముఖలింగం, ఇప్పచెట్టు, గిడుగు రామమూర్తి, మాధ్యమం, రెండంచెల ప్రశ్నలు.

1. ప్రవేశిక

వంశధార ఎడమగట్టున ఉన్న శ్రీముఖలింగంలో ప్రధానాలయ దైవం మధుకేశ్వరుడు. మధూకమంటే ఇప్పచెట్టు. శబర నాయకుడొకడు నరికిన ఇప్పచెట్టు మొదలులోనే శివుడు వెలిశాడని స్థలపురాణం. గర్భాలయంలోనిది చెక్కిన లింగం కాదనీ, ఇప్పమొద్దే శిలగా మారిందనీ స్థానికుల విశ్వాసం. ఈ చెట్టుకు శాస్త్రలోకంలోనూ తెలుగుతీరంతో సంబంధముంది. సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్, 1795లో వెలువడడం మొదలైన తన 'ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్' గ్రంథంలో దీనిని 'బాసియా లాటిఫోలియా' అన్న పేరుతో చిత్రసహితంగా వర్ణించాడు. మొక్కల తెలుగు పేర్లను కూడా ఆయన నమోదు చేశాడు. తరువాతి వర్గీకరణలో ఇది సపోటేసీ కుటుంబంలోని 'మధుకా' ప్రజాతికి మారింది. ప్రజాతి పేరులో ఉన్నది సంస్కృత మధూకమే.

ఈ ప్రాంతపు వృక్షశాస్త్ర విద్యార్థిని ఒక కుటుంబ లక్షణాలు రాయమంటే వరుసగా రాయగలడు. అదే విద్యార్థికి వేసవి ఆరంభంలో తెల్లవారుజామున చెట్టుకింద పడిన ఇప్పపువ్వును చేతికిచ్చి, పువ్వులో ఏ భాగం రాలింది, ఏ భాగం కొమ్మమీద మిగిలింది అని అడిగితే చెప్పగలడా? చెప్పగలడనిగాని, చెప్పలేడనిగాని అతని మార్కుల జాబితాను చూసి ఎవరూ నిర్ణయించలేరు. అతనికి 75కు 60 వచ్చినా, 30 వచ్చినా ఈ విషయంలో ఆ జాబితా మౌనంగానే ఉంటుంది. బోధన బాగుందా, లేదా అన్న చర్చకంటే ముందు తేలవలసింది ఈ మౌనం సంగతి.

2. ప్రశ్నపత్రాన్ని పాఠ్యంగా చదివితే

ఎంపికాధారిత క్రెడిట్ విధానం 2015-16లో అమలులోకి వచ్చాక రాష్ట్రంలోని డిగ్రీ సిద్ధాంతపత్రాలకు 75 మార్కుల సెమిస్టర్ పరీక్ష, 25 మార్కుల ఆంతరంగిక మూల్యాంకనం స్థిరపడ్డాయి. ఆ 75లో ఐదేసి మార్కుల లఘుప్రశ్నలు, పదేసి మార్కుల వ్యాసప్రశ్నలు ఉంటాయి. 2020-21లో పాఠ్యప్రణాళికను సవరించారు. 2023-24 నుంచి మూడు సమాన ఐచ్ఛికాల స్థానంలో ఒకే ప్రధాన విషయం వచ్చింది. పాత బీజడ్‌సీ విద్యార్థి స్థానంలో వృక్షశాస్త్రమో, జంతుశాస్త్రమో ప్రధానంగా చదివే విద్యార్థి వచ్చాడు. ప్రణాళికలు ఇన్నిసార్లు మారినా ప్రశ్నలోని క్రియాపదాలు మాత్రం మారలేదు.

సాహిత్య విమర్శకుడు కావ్యంలోని క్రియలను పట్టించుకున్నట్లు ప్రశ్నపత్రంలోని క్రియలను పట్టించుకుంటే ఈ విషయం స్పష్టమవుతుంది. వివరించండి, వర్ణించండి, వ్యాసం రాయండి, భేదాలు తెలపండి, పటం గీసి భాగాలు గుర్తించండి: ఇవన్నీ పుస్తకంలో ఉన్నదాన్ని జవాబుపత్రం మీదికి తరలించమనే ఆజ్ఞలు. 1956లో బెంజమిన్ బ్లూమ్, ఆయన సహచరులు ప్రకటించిన వర్గీకరణ ఇప్పుడు ప్రతి కళాశాల నాణ్యతా నివేదికలోనూ కనిపిస్తుంది. కోర్సు ఫలితాల పట్టికలో 'విశ్లేషణ', 'అనువర్తనం', 'మూల్యనిర్ణయం' అన్న గడులు నింపుతారు. ఆ గడుల కోసం 'మెండెల్ ప్రయోగాలను విశ్లేషించండి' అని ప్రశ్న రాస్తే అది విశ్లేషణ ప్రశ్న అయిపోదు. విద్యార్థి రాసేది గైడులోని అవే రెండు పుటలు. ప్రశ్న స్థాయిని దానిలోని క్రియాపదం నిర్ణయించదు. జవాబు చెప్పడానికి విద్యార్థి చేయవలసిన పని నిర్ణయిస్తుంది. తరగతిలో ఒకసారి పరిష్కరించి చూపిన సమస్యనే పరీక్షలో ఇస్తే, అది ఎంత కఠినంగా కనిపించినా మళ్లీ జ్ఞాపకశక్తి పరీక్షే.

ఇక్కడ ఒక న్యాయం పాటించాలి. కంఠస్థాన్ని తప్పుపట్టడం విద్యావిమర్శలో సులభమైన అలవాటుగా మారింది. జీవశాస్త్రం మాటల శాస్త్రం కూడా. అండాశయం, ఆకర్షణపత్రావళి అన్న పదాలు నోటికి రాని విద్యార్థి పువ్వును చూసి ఆలోచించడానికి కూడా ఇబ్బంది పడతాడు. అమరకోశాన్ని వల్లెవేయించిన సంప్రదాయంలోనూ వల్లెవేత అక్కడితో ఆగలేదు. నేర్చిన పదం తరువాత కావ్యం చదవడానికి పనికివచ్చింది. డిగ్రీ జీవశాస్త్రంలో లోపించింది ఆ రెండో మెట్టు. జ్ఞాపకముంచుకున్నదానికి మూడేళ్లలో ఒక్కసారి కూడా పని తగలదు.

కాల్విన్ వలయాన్ని వివరించమన్న ప్రశ్న ఇందుకు మంచి ఉదాహరణ. పటంతో సహా దానిని రాసిన విద్యార్థిని మరో మాట అడగవచ్చు: రెండు బారల చుట్టుకొలతకు పెరిగిన ఇప్పమాను ఎండుబరువులో అధికభాగం ఎక్కడినుంచి వచ్చింది? మట్టినుంచి, ఎరువునుంచి అన్న సమాధానమే సాధారణంగా మొదట వస్తుంది. ఇది పల్లెటూరి విద్యార్థి లోపమని అనుకోనక్కరలేదు. 1997లో వచ్చిన 'మైండ్స్ ఆఫ్ అవర్ ఓన్' చిత్రంలో హార్వర్డ్, ఎంఐటీ పట్టభద్రులను పట్టాలు తీసుకున్న రోజునే ఒక విత్తనం, ఒక దుంగ చూపి ఇదే అడిగితే అక్కడా సరైన సమాధానానికి కొరత ఏర్పడింది. మాను బరువులోని కర్బనం గాలిలోని కార్బన్ డయాక్సైడ్ నుంచి వచ్చిందన్నదే కాల్విన్ వలయం చెప్పే ముఖ్యవిషయం. వలయం మొత్తం రాసిన విద్యార్థికి ఆ ఒక్క విషయం అందకపోతే అతనికి పడిన పది మార్కులు దేనికి పడినట్లు?

ఈ ప్రశ్నకు చరిత్ర కూడా ఉంది. వాన్ హెల్మంట్ 200 పౌండ్ల ఎండుమట్టిలో 5 పౌండ్ల విల్లో మొక్కను నాటి, ఐదేళ్లు నీరు మాత్రమే పోశాడు. చెట్టు సుమారు 169 పౌండ్లయింది. మట్టి తగ్గింది రెండు ఔన్సులు. బరువంతా నీటినుంచే వచ్చిందని ఆయన తేల్చాడు. ఈ ఫలితం ఆయన మరణానంతరం 1648లో అచ్చయింది. 'గ్యాస్' అన్న మాటను సృష్టించినవాడే ఇక్కడ గాలిని లెక్కలోకి తీసుకోలేదు! ఈ అంకెలను ఇచ్చి, వాన్ హెల్మంట్ వాదంలో ఏది సబబు, ఏది కాదు, దాన్ని తేల్చడానికి ఇంకే ప్రయోగం కావాలి అని అడిగితే అది నిజంగా విశ్లేషణ ప్రశ్న. దీనికి కొత్త పరికరాలు, కొత్త పుస్తకాలు అక్కరలేదు. ప్రశ్నపత్రంలో నాలుగు పంక్తుల చోటు చాలు.

3. జవాబు ఏ భాషలో?

గిడుగు వెంకట రామమూర్తి 1863లో పుట్టిన పర్వతాలపేట శ్రీముఖలింగానికి దగ్గరలోనే, వంశధార ఒడ్డున ఉంది. ముఖలింగ ఆలయంలోని గాంగరాజుల శాసనాలను చదవడానికి ఆయన పాతలిపులను సొంతంగా నేర్చుకున్నాడు. కళింగనగరం ముఖలింగమేనని వాదించడానికి ఆయనకు ఆధారం ఆ రాళ్లే. వ్యవహారభాష విషయంలోనూ ఆయన పద్ధతి ఇదే. ఇరవయ్యవ శతాబ్ది తొలి దశకంలో పాఠశాలల పర్యవేక్షకుడు జె. ఎ. యేట్స్ వాడుకలోని తెలుగుకూ, బడిలో నేర్పే తెలుగుకూ మధ్య ఉన్న ఎడం గురించి ప్రశ్నలు లేవనెత్తాడు. గిడుగు ఆ ఎడాన్ని ఉదాహరణలతో నిరూపించే పనిలో జీవితం గడిపాడు. సవరలకు వారి భాషలోనే చదువు చెప్పాలని ఆయన సవర నేర్చుకొని, వ్యాకరణం, నిఘంటువు కూర్చాడు.

ఆయన పుట్టిన జిల్లాలో ఇప్పుడు డిగ్రీ జీవశాస్త్ర విద్యార్థి జవాబును ఇంగ్లీషులో రాయాలి. 2021-22 నుంచి రాష్ట్రంలోని డిగ్రీ కోర్సులన్నిటినీ ఆంగ్లమాధ్యమంలోకి మార్చాలన్న నిర్ణయం అమలయింది. ఉద్యోగావకాశాల దృష్ట్యా తల్లిదండ్రులు, విద్యార్థులు ఇంగ్లీషును కోరుకోవడం సహజం. దాన్ని కాదనడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఇక్కడి అభ్యంతరం మూల్యాంకనానికి సంబంధించినది. తనకు తెలిసినదాన్ని రాయలేకపోయిన విద్యార్థికీ, అసలు తెలియని విద్యార్థికీ జవాబుపత్రంలో తేడా కనిపించదు. అంతకంటే నష్టం మరొకటి ఉంది. వాక్యం సొంతంగా కట్టలేనివాడికి కంఠస్థమొక్కటే రక్షణ. పరభాషలో పరీక్ష రాయించి, బట్టీపడుతున్నాడని నిందించడం న్యాయం కాదు.

అయితే గిడుగు వాదం రెండువైపులా కోస్తుంది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ డిగ్రీ పాఠ్యగ్రంథాలను తెలుగులో తేవడం ఈ నేలమీద జరిగిన పెద్ద పని. దానివల్లే వేలమంది జీవశాస్త్రం చదవగలిగారు. కానీ బాష్పోత్సేకం, ద్రవాభిసరణం, నీటిశక్మం అన్న మాటలు వంశధార ఒడ్డు విద్యార్థికి ఎంతవరకు తెలుగు? నీటిశక్మాన్ని నిర్వచించిన విద్యార్థి, 'వాటర్ పొటెన్షియల్'ను నిర్వచించిన విద్యార్థి ఇద్దరూ ఒకే స్థితిలో ఉండవచ్చు: పదం వచ్చు, పదార్థం రాదు. మాధ్యమం మార్చినంత మాత్రాన అవగాహన పరీక్ష అయిపోదన్నది తెలుగుమాధ్యమ సమర్థకులు కూడా ఒప్పుకోవలసిన విషయం. పారిభాషికపదం ఏ భాషలో ఉన్నా, దాని చుట్టూ ఉండే కారణవాక్యం విద్యార్థి మాట్లాడే తెలుగులో ఉండే వీలు కల్పిస్తే అతని ఆలోచన బయటపడుతుంది. 'సెల్‌లోని వాటర్ బయటికి వచ్చేస్తాది' అని రాసిన విద్యార్థి భాషను తప్పుపట్టవచ్చు. అతని జీవశాస్త్రాన్ని తప్పుపట్టలేము.

4. మాగాయ ఊట: ఒక నిర్ధారణ ప్రశ్న

అపోహలను బయటికి తీయడానికి ఒక పద్ధతి రెండంచెల ప్రశ్న. మొదటి అంచెలో ఏమి జరుగుతుందని, రెండో అంచెలో ఎందుకు జరుగుతుందని అడుగుతారు. డేవిడ్ ట్రెగస్ట్ 1988లో ఈ తరహా ప్రశ్నల రూపకల్పనను వివరించాడు. 1995లో ఒడోమ్, బారో దీనిని విసరణ, ద్రవాభిసరణాలకు వర్తింపజేశారు. సహజవరణం మీద ఆండర్సన్, ఫిషర్, నార్మన్ 2002లో భావనాసూచికను తయారుచేశారు. వీటిని అనువదించి వాడడం మొదటి ఆలోచనగా రావచ్చు. గాలపాగస్ పిచ్చుకలు, వెనెజులా గప్పీ చేపలు ఉన్న ప్రశ్నలను అనువదిస్తే విద్యార్థి పరాయి జంతువుల పేర్లతోనే సగం కుస్తీ పడతాడు. పద్ధతిని తీసుకొని, వస్తువును ఇక్కడినుంచి తీసుకోవడం మేలు.

ద్రవాభిసరణకు ప్రయోగశాలలో రియో ఆకు పొర ఉంది. ఇంట్లో మాగాయ ఉంది. మామిడిముక్కలకు ఉప్పు పట్టించి మూడురోజులు ఊరనిస్తారు. ఊట దిగుతుంది. ముక్కలను పిండి ఎండబెడతారు. మొదటి అంచె: ఊటలోని నీటిలో అధికభాగం ఎక్కడిది? ఉప్పు కరగడంవల్ల పుట్టిందా, గాలిలోని తేమా, ముక్కలోని కణాలదా? దీనికి ఎక్కువమంది సరిగానే జవాబు చెప్పవచ్చు. రెండో అంచెలో అసలు విషయం తెలుస్తుంది. 'ఉప్పు నీటిని పీల్చుకుంటుంది', 'కణం తన లోపలా బయటా సమానం చేసుకోవాలనుకుంటుంది', 'నీటి అణువులు పొరకు ఇరువైపులా కదులుతూనే ఉన్నా, బయట ద్రావితం ఎక్కువ కావడంవల్ల మొత్తంమీద బయటికి పోయే నీరు ఎక్కువ' అన్న మూడు కారణాలను ఇచ్చినప్పుడు, మొదటి రెండింటిని ఎంచుకున్న విద్యార్థి నిర్వచనాన్ని తప్పు లేకుండా రాసిన విద్యార్థే కావచ్చు. కణానికి కోరికను, ఉప్పుకు దాహాన్ని అంటగట్టే ఆలోచన నిర్వచనం అడిగితే బయటపడదు.

ఇక్కడితో ఆపకుండా మూడో ప్రశ్న వేయవచ్చు: కణత్వచం నీటిని మాత్రమే సులభంగా పోనిస్తే, ఊరిన ముక్కను కొరికినప్పుడు లోపలిదాకా ఉప్పదనం ఎలా చేరింది? గాఢమైన ఉప్పులో కణాలు చనిపోతాయి. త్వచం తన ఎంపికశక్తిని కోల్పోతుంది. అప్పుడు ఉప్పు లోపలికి విసరణం చెందుతుంది. ఈ జవాబు ఏ గైడులోనూ దొరకదు గనుక విద్యార్థి ఆలోచించక తప్పదు. ద్రవాభిసరణానికి ఎంపికశక్తి ఉన్న త్వచం ఎంత అవసరమో ఈ ఒక్క ముక్క చెప్పినంతగా రియో ఆకు కూడా చెప్పదు.

5. ప్రయోగశాల, ఏరు

ప్రయోగపరీక్షలో స్పాటర్లు, రికార్డు, వైవా ఉంటాయి. రికార్డు చాలాచోట్ల సీనియర్ రికార్డుకు నకలు. దీన్ని దిద్దే అధ్యాపకుడికీ ఆ సంగతి తెలుసు. జంతుశాస్త్రంలో విచ్ఛేదనను నిలిపివేయాలని యూజీసీ 2014లో ఆదేశించింది. అది సరైన నిర్ణయమే. కానీ కప్ప పోయిన చోట ఏమి రావాలన్నది ఎవరూ పట్టించుకోలేదు. చార్టు వచ్చింది. చార్టుమీది గుండెకు మూడు గదులే ఉంటాయి, అది ఎప్పుడూ తేడాగా కనిపించదు, విద్యార్థిని ఆశ్చర్యపరచదు.

2020-21 సవరణలో రెండో సెమిస్టర్ తరువాత సమాజసేవా ప్రాజెక్టును చేర్చారు. జీవశాస్త్ర విద్యార్థికి ఇది అరుదైన అవకాశం. కవిటి, సోంపేట, పలాస పరిసరాల్లోని ఉద్దానంలో దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధికి కారణం ఇప్పటికీ నిర్ధారణ కాలేదు. నీరా, సిలికానా, పురుగుమందులా, ఎండలో శ్రమవల్ల కలిగే నిర్జలీకరణమా అన్న పరికల్పనలు ఉన్నాయి. శ్రీముఖలింగానికి ఎగువన ఉన్న హిరమండలం జలాశయంనుంచి వంశధార నీటినే తాగునీటిగా ఉద్దానానికి తరలించే పథకం 2023లో ప్రారంభమైంది. మూత్రపిండంలో వడపోత గురించి చదివే విద్యార్థికి ఇంతకంటే సజీవమైన ప్రశ్న లేదు: నీరు మారాక వ్యాధి తగ్గితే కారణం నీరేనని తేలినట్లేనా? అదేకాలంలో మారిన ఇతర విషయాలేమిటి? ఎన్నేళ్లు ఆగి చూడాలి? ఒక్క జాగ్రత్త తప్పనిసరి. తరగతిలో కూర్చున్నవారిలో ఆ వ్యాధివల్ల తండ్రినో, మేనమామనో పోగొట్టుకున్నవారు ఉంటారు. వారి ఇళ్లకు ప్రశ్నావళి పట్టుకొని వెళ్లేకంటే ప్రచురితమైన పట్టికలను తరగతిలో చదివించడం మర్యాద. ప్రాజెక్టు నివేదికను పుటల సంఖ్యనుబట్టి, అట్టనుబట్టి దిద్దితే అది మరో రికార్డు అవుతుంది.

6. బయటి పరిశోధనలు, ఇక్కడి చిక్కులు

స్కాట్ ఫ్రీమన్ బృందం 2014లో 225 అధ్యయనాలను కలిపి పరిశీలించి, విజ్ఞానశాస్త్ర తరగతుల్లో కేవల ఉపన్యాసం ఉన్నచోట 33.8 శాతం, విద్యార్థులు క్రియాశీలంగా పాల్గొన్నచోట 21.8 శాతం తప్పుతున్నారని చూపింది. సదస్సుల్లో తరచు వినిపించే ఈ అంకెల కంటే ఇక్కడి కళాశాలలకు దగ్గరైనది 2011లో హాక్ బృందం వాషింగ్టన్ విశ్వవిద్యాలయ జీవశాస్త్ర తరగతిలో చేసిన పని. రోజువారీ, వారంవారీ సమస్యాసాధనతో, దత్తాంశాల విశ్లేషణతో తరగతిని గట్టిగా క్రమబద్ధం చేస్తే అందరి ఫలితాలూ మెరుగుపడ్డాయి. వెనుకబడిన నేపథ్యంనుంచి వచ్చిన విద్యార్థులకూ, మిగిలినవారికీ మధ్య అంతరం తగ్గింది. ఇందుకు అదనపు ఖర్చు కాలేదు. కుటుంబంలో మొదటిసారి కళాశాల మెట్లెక్కినవారు ఎక్కువగా ఉండే తరగతికి ఇది వర్తించే విషయం. కానీ ఆ తరగతిలో విద్యార్థులు అడిగే భాష, చదివే భాష, రాసే భాష ప్రధానంగా ఒక్కటే. ఆ తేడాను విస్మరించి అక్కడి పద్ధతిని ఇక్కడికి తెస్తే, ఇంగ్లీషు వచ్చిన నలుగురే మాట్లాడే చర్చాతరగతి తయారవుతుంది.

అధ్యాపకుల అభ్యంతరం మరోటి. ఇలాంటి ప్రశ్నలకు రకరకాల జవాబులు వస్తాయి. స్పాట్ వాల్యుయేషన్ శిబిరంలో రోజుకిన్ని జవాబుపత్రాలని లెక్క ఉంటుంది. దిద్దడం ఎలా? అభ్యంతరం నిజమైనదే. ఇప్పపూలనే తీసుకుంటే, ఇవి రాత్రివేళ విచ్చుకుంటాయి, పండ్లు తినే గబ్బిలాలు వీటిని చేరతాయి. తెల్లవారే వేళకు రాలేది కేసరాలు అంటిపెట్టుకొని ఉన్న రసభరితమైన ఆకర్షణపత్రావళి. అండాశయం, కీలం కొమ్మమీదే ఉంటాయి. ఈ సమాచారమిచ్చి, రాలిన పూలను ఏరుకోవడంవల్ల చెట్టు సంతతి తగ్గుతుందా అని అడగవచ్చు. ఒక విద్యార్థి ఇలా రాశాడని ఊహిస్తే: 'రాలేది కరోలా మాత్రమే. ఓవరీ కొమ్మకే ఉంటాది కాబట్టి పువ్వులేరితే కాయ తగ్గదు. నూనెకోసం గింజలన్నీ ఏరేస్తే మాత్రం మొలకలుండవు. చెట్టుకింద ఆకులు కాల్చినా మొలకలు పోతాయి.' నిర్వచనం లేదు, పటం లేదు, ఉపశీర్షికలు లేవు, భాష మిశ్రమం. నిర్వచనానికి రెండు, పటానికి మూడు అని మార్కులు పంచే సూచికతో దిద్దితే ఇది తప్పిన జవాబు. నిర్ణయానికొక భాగం, ఆధారానికొక భాగం, రెండింటినీ కలిపిన కారణానికి పెద్దభాగం అని పంచితే ఇది తరగతిలో మేటి జవాబుల్లో ఒకటి.

అలాంటి జవాబులు పదింటిని ఇద్దరు అధ్యాపకులు విడివిడిగా దిద్ది, తేడా వచ్చినచోట కూర్చొని మాట్లాడుకోవడానికి ఒక పూట పడుతుంది. శిబిరంలో ఆ పూటకు చోటులేదు. ఆంతరంగిక మూల్యాంకనానికి కేటాయించిన 25 మార్కుల్లో ఉంది. ఆ మార్కులను ఇప్పుడు సెమిస్టర్ పరీక్షకు చిన్న నకలుగా నిర్వహిస్తున్నారు.